ఇంకొక్క బిగింపు

రాయే అయుంటుంది, టైరు గాట్లలో ఎక్కడో గులకరాయి ఇరుక్కుని ఉంటుంది, రాయైతే కాసేపు కొట్టుకుని దానంతటదే ఎగిరిపోతుంది, పోనీలే కొట్టుకోనీ అనుకుంటూ ఆమె యాక్సిలరేటరు మీద కాలు కాస్త తేల్చింది, బండి నెమ్మదించింది, టక్ టక్ అనే ఆ చప్పుడూ నెమ్మదించింది, మళ్ళీ కాలు నొక్కితే చప్పుడూ పరుగందుకుంది, ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది, నా అడుగులో అడుగేసి నడుస్తున్నావా అని దాన్ని ముద్దుగా కసిరింది, ఈ ఉదయం ఆమెకు దేనిమీదా కోపం రావడం లేదు, చూసుకోకుండా అడ్డం వచ్చిన సైకిలాయన మీద రాలేదు, వెనకనుంచి హారను మోగించి మోగించి చెవులు చిల్లులు పెట్టిన బస్సు మీద రాలేదు, కోపం ఎలా వస్తుంది, చేతుల్లో స్టీరింగు ఉంది, పక్కసీటు ఖాళీగా ఉంది, ఆ పక్కసీట్లో కూర్చుని ఇన్నేళ్ళూ బండి ఎటు పోతే అటు పోయిన మనిషి ఇప్పుడు ఈ సీట్లో ఉంది, లైసెన్సు వచ్చాక పక్కన ఎవరూ లేకుండా బయల్దేరడం ఇదే మొదటిసారి, స్టేషనులో అక్క రైలు దిగుతుంది, అక్కను తనొక్కతే వెళ్ళి తీసుకురావాలి, ఫోనులో అక్క పెట్టిన షరతు గుర్తొచ్చి మళ్ళీ నవ్వొచ్చింది, సముద్రానికా, మనిద్దరమా, నువ్వు నడుపుతావా, చూడవే చెల్లీ, ముందు నువ్వొక్కదానివే స్టేషనుకి వచ్చి నన్నెక్కించుకో, నీ కొడుకు తోకలా వెంట వచ్చాడో, సముద్రం లేదు గిముద్రం లేదు, నాలుగు రోజులు మీ ఇంట్లో తిని పడుకుని నా దారిన నేను పోతాను అంది, అక్క అంటే అన్నంతపనీ చేసే రకం, చిన్నప్పుడు నా జడ లాగావో నీ జడ కత్తిరించి నీ చేతిలో పెడతాను అంది, నిజంగానే పెట్టింది, ఇద్దరిలో ఎవరూ ఇంతవరకూ సముద్రం చూడలేదు, అక్క మోకాళ్ళు వచ్చే ఏటికి ఎలా ఉంటాయో అక్కకే తెలీదు, జరిగితే ఈ ప్రయాణం ఇప్పుడే జరగాలి, లేకపోతే వచ్చే ఏడు, ఆ పై ఏడు అనుకుంటూ ఫోటోల్లో చూసుకోవడమే అవుతుంది, టక్ టక్, అబ్బ, ఉండవే నువ్వొకదానివి.

ఇది రాయి కాదు, ఆ సంగతి చెవులకన్నా ముందు అరచేతులకు తెలిసింది, స్టీరింగు సన్నగా వణుకుతోంది, చలిజ్వరం వచ్చిన పిల్లవాడి చెయ్యి పట్టుకున్నట్టుంది, డ్రైవింగు నేర్పిన పిల్ల ఏం చెప్పింది, బండికి నోరు లేదనుకోకండి ఆంటీ, దానికి ఒళ్ళంతా నోరే, పాటలు కట్టేసి వింటే అన్నీ చెబుతుంది, వణికితే మాత్రం మొండికెయ్యకుండా పక్కకి తీసి ఆపండి అంది, ఆ పిల్ల వయసెంతని, కానీ చెప్పేటప్పుడు మాత్రం పెద్దత్తగారి గొంతు, సరేనమ్మా అత్తగారూ అనుకుని ఆమె సిగ్నలు వేసింది, అద్దంలో చూసింది, భుజం మీదుగా వెనక్కి చూసింది, షట్టరు దించి ఉన్న ఒక దుకాణం ముందుకి బండిని తీసి ఆపింది, హ్యాండ్ బ్రేకు లాగింది, దిగి చుట్టూ తిరిగి వచ్చి అవతలివైపు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది, నాలుగు నట్లు ఉండాల్సినచోట మూడే ఉన్నాయి, నాలుగోచోట నట్టే కాదు, నట్టు పట్టుకుని నిలబడాల్సిన స్టడ్డు కూడా లేదు, చక్రం కన్నంలోంచి వేలంత పొడుచుకుని ఉండాల్సిన ఆ మరల కడ్డీ మొదలంటా విరిగిపోయింది, విరిగినచోట లోపలి ఇనుము తళతళలాడుతోంది, ముందుపన్ను ఊడిన పిల్లవాడు నవ్వినట్టుంది చక్రం, మిగిలిన మూడింటిలో ఒకదాన్ని వేళ్ళతో పట్టుకుంటే తిరిగింది, ఉత్త వేళ్ళకే తిరిగింది, అయ్యో నా తల్లీ, నిన్న నిన్ను బిగించింది నేనే కదా, అరిగిన టైరుతో స్టేషనుకెందుకని ఈ చక్రాన్ని విప్పి స్టెప్నీ వేసింది తనే, ఇంటి ముందు, అందరూ మెట్లమీద కూర్చుని సర్కస్ చూస్తున్నట్టు చూస్తుండగా, జాకీ ఎత్తకముందే నట్లు వదులు చేసి, ఎత్తాక చక్రం మార్చి, నట్లను వేళ్ళతోనే పట్టించి, బండి నేలకి దించాక ఎదురెదురుగా ఒకటి విడిచి ఒకటి బిగించింది, కొడుకు రెండుసార్లు లేవబోతే కోడలు చొక్కా పట్టుకుని రెండుసార్లూ కూర్చోబెట్టింది, చేతులు దులుపుకుని లేచేసరికి ముగ్గురూ చప్పట్లు కొట్టారు, మరిది అయితే ఈలే వేశాడు, అంత సంబరమూ చేసి నిన్న బిగించిన నట్టు ఇవాళ వేళ్ళకి తిరగడమేమిటి.

ఇలాంటిదే ఒకసారి, కాదు, ఇలాంటిది కాదు, అప్పుడు వాన, ఆయన రోడ్డుపక్కన చక్రం మారుస్తుంటే తను గొడుగు పట్టింది, ఆయనకి కాదు, నట్లకి, విప్పిన నట్లన్నీ వీల్ కప్పులో వేసి ఇవి తడవకుండా చూడు అన్నాడు ఆ మహానుభావుడు, తను నెత్తిమీంచి నీళ్ళు కారుతూ బుద్ధిగా ఆ కప్పు మీద గొడుగు పట్టి, పట్టి, కాలు తిమ్మిరెక్కి ఒక్క అడుగు వేసిందో లేదో కప్పు బోర్లాపడి నట్లన్నీ గలగలమంటూ మురిక్కాలవలోకి పోయాయి, ఇక తిడతాడనుకుంటే ఆయన కాసేపు కాలవకేసి చూసి, కాసేపు తనకేసి చూసి, పోనీలే, తడవకుండా అయితే చూశావు, అని పగలబడి నవ్వాడు, తర్వాత మిగతా మూడు చక్రాలకీ తలా ఒక నట్టు ఊడదీసి ఈ చక్రానికి పెట్టి ఇంటికి చేర్చాడు, దారిపొడుగునా ఆగి ఆగి నవ్వుతూనే ఉన్నాడు, నట్టు పోతే అలా సర్దుకోవచ్చు, స్టడ్డే విరిగితే దేనికి తొడుగుతాం, ఆయనుంటే ఏమనేవాడో, నువ్వెళ్ళి బండిలో కూర్చో, నేను చూసుకుంటాను అనేవాడు, ఎప్పుడూ అదే మాట, ప్రేమగానే అనేవాడు, ఆ ప్రేమ వల్లే కదా ఇన్నేళ్ళూ జాకీ ఎటువైపు తిప్పాలో కూడా తెలియకుండా పోయింది, మంచి మనిషి, అడిగితే నేర్పేవాడేమో, తను అడగలేదు, ఇంతలో జేబులో ఫోను మోగింది, కొడుకు, అమ్మా చేరావా అన్నాడు, ఈ వెధవకి అబద్ధం చెబితే మరుక్షణం పట్టేస్తాడు, చేరలేదురా, చక్రానికి ఒక స్టడ్డు విరిగింది, స్టేషను రోడ్డులోనే ఆపాను అంది, ఏ చక్రం అన్నాడు, నిన్న మార్చిందే అంది, వాడి గొంతు చిన్నదైపోయింది, నువ్వక్కడే ఉండు, కదలకు, నేను వస్తున్నా అన్నాడు, రావద్దురా, పెద్దమ్మ షరతు నీకు తెలుసుగా, నువ్వొస్తే నా సముద్రం పోతుంది అంటూ ఉండగానే పెట్టేశాడు.

రోడ్డుకవతల కాస్త ముందుకి టైర్ల షాపు ఉంది, గుమ్మానికి రెండువైపులా పాత టైర్లు గాజుల దొంతుల్లా పేర్చి ఉన్నాయి, మధ్యలో స్టూలు మీద కళ్ళజోడు తాడుకి కట్టి మెళ్ళో వేసుకున్న లావుపాటాయన టీ ఊదుకుంటున్నాడు, ఆమె వెళ్ళి చెప్పింది, ఆయన గ్లాసు పట్టుకునే వెంట వచ్చాడు, వచ్చి వంగి, కళ్ళజోడు పెట్టుకుని, చక్రం కేసి చూసి, వేళ్ళతో ఒక్కో నట్టూ తడిమి, అమ్మగారూ, మీ ఇంట్లో ఏనుగుందా అన్నాడు, లేదే అంది, మరి దీన్ని బిగించిందెవరు అన్నాడు, నేనే అంది, ఆయన ఆమెను కిందనుంచి పైదాకా చూశాడు, మీరా, మీ చేతికి ఇంత బలం ఉంటే రేపట్నుంచి మా షాపుకి వచ్చెయ్యండి, నాకు నడుం నొప్పి అన్నాడు, ఆమెకు నవ్వాలో బాధపడాలో తెలియలేదు, ఆయన మిగిలిన నట్లను మూడు వేళ్ళతో కాస్త పట్టించి, మెల్లిగా రండి, మనిషి నడకలో రావాలి, నేను ముందు నడుస్తాను అని రోడ్డు మీదకి దిగి, ఒక చేత్తో వచ్చేపోయే బళ్ళను ఆపుతూ, రెండో చేత్తో టీ గ్లాసు ఒలక్కుండా పట్టుకుని, ఊరేగింపు తీసుకెళ్తున్నట్టు నడిచాడు, ఆమె క్లచ్చు మీద కాలు వణక్కుండా ఆయన వీపు చూసుకుంటూ ఆ కాస్త దూరమూ నడిపింది, ఎవరో స్కూటరాయన ఏమైందండీ అని అడిగితే, ఏనుగు తొక్కిందండీ అన్నాడాయన వెనక్కి తిరక్కుండా.

జాకీ ఎక్కించి చక్రం ఊడదీశాక ఆయన చూపించాడు, దగ్గరికొచ్చి చూడండమ్మగారూ, ఈ మూడూ కూడా సాగిపోయాయి, ఇదిగో ఇక్కడ నడుం సన్నబడింది కనిపిస్తోందా, మరల మధ్య ఎడం పెరిగింది, స్టడ్డంటే కడ్డీ అనుకుంటారు గానీ ఇది రబ్బరు లాంటిదే, కొంచెం లాగితే తిరిగి వెనక్కి గుంజుతుంది, ఆ గుంజుడే చక్రాన్ని పట్టుకునేది, మరీ లాగామనుకోండి, సాగినది సాగినట్టే ఉండిపోతుంది, ఇక గుంజదు, నట్టు వదులవుతుంది, చక్రం ఆడుతుంది, ఆడి ఆడి ఒకటి విరిగింది, నాలుగూ మార్చాల్సిందే అన్నాడు, అని వేలు మర మీద రాసి చూసుకుని, ఇదేమిటి నూనె అన్నాడు, వాసన చూశాడు, కుట్టుమిషను నూనె, మీ ఇంట్లో ఎవరైనా కుడతారా అన్నాడు, ఆమె తెల్లబోయింది, కోడలు కుడుతుంది, కోడలి మిషను నూనె నా చక్రం మీదకి ఎలా వచ్చింది, ఆయన తలాడిస్తూ, మరకి నూనె రాస్తే నట్టు సుఖంగా జారిపోతుంది, సుఖంగా జారితే ఎంత బిగించామో చేతికి తెలీదు, తిప్పుతూనే ఉంటాం అంటున్నాడు, ఆమె వినడం లేదు, ఆమెకు లోపల ఏదో లెక్క తేలుతోంది, నిన్న తను మెట్లెక్కి లోపలికి పోయాక ఈ చక్రం దగ్గరికి ఇంకెవరో వచ్చారు, వీధి మలుపులో కొడుకు బైకు చప్పుడు వినిపించింది, వెనక కోడలు, ఇద్దరి మొహాలూ పరీక్ష పోయినవాళ్ళలా ఉన్నాయి.

అమ్మా, నీకేం కాలేదుగా అన్నాడు కొడుకు, నాకేం కాలేదు గానీ నిన్న నువ్వేం చేశావో చెప్పు అంది, వాడు షాపాయన కేసి, చక్రం కేసి, తన చెప్పుల కేసి చూసి, సాయంత్రం నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు, ఊరికే, నీ పని మీద నమ్మకం లేక కాదమ్మా, ఒక్కసారి చూద్దామని వీల్ పానా తగిలించా, ఇంకొక్క బిగింపు పడితే మంచిదనిపించింది అన్నాడు, వీడు చిన్నప్పట్నుంచీ ఇంతే, వీధితలుపు గడియ పెట్టి పడుకున్నాక మళ్ళీ లేచి చూసేవాడు, చూసొచ్చి వాళ్ళ నాన్నని పంపి చూపించేవాడు, ఒక్క బిగింపేనా అంది, పానాకి పొడుగు చాలలేదని నీళ్ళ పైపు ముక్క తొడిగా అన్నాడు, షాపాయన ఆహా అన్నాడు, కిర్రుమని చప్పుడొచ్చింది అత్తయ్యా, కిటికీలోంచి నాకు వినిపించింది అని కోడలు అందుకుంది, పాపం ఎండిపోయి కిర్రుమంటోందేమో, దారిలో పట్టేస్తే మీరొక్కరే ఏం చేస్తారని ఈయన లోపలికి వచ్చాక వెళ్ళి చుట్టూ నూనె చుక్కలు వేశా, వేశాక భయమేసింది, నూనెకి జారి ఊడుతుందేమోనని నేనూ ఒక బిగింపు బిగించా అంది, ఇద్దరూ ఒకరి కేసి ఒకరు చూసుకున్నారు, నువ్వెప్పుడు వెళ్ళావే అని వాడు, మీరు చెప్పారా నాకు అని కోడలు, ఆమె ఇద్దర్నీ ఆగమని ఫోను తీసి మరిదికి చేసింది, మేడమీద ఉంటాడు, ఈ వయసులో కూడా రోజూ బరువులెత్తుతాడని ఇంటిల్లిపాదీ పహిల్వాన్ అంటారు, పహిల్వానుగారూ, నిన్న నా చక్రం ముట్టుకున్నారా అంది, నేనా వదినా, లేదే, అంటే, ముట్టుకోవడమంటే, బరువులెత్తి దిగొస్తుంటే నట్ల చుట్టూ ఏదో మెరుస్తూ కనిపించింది, నూనె కారుతోందంటే ఊడుతున్నట్టే కదా, అన్నయ్య బండి, నువ్వేమో ఒంటరిగా వెళ్తున్నావు, అందుకని కొంచెం చెయ్యేశా అన్నాడు, కొంచెమంటే అంది, నాకు కొంచెమే వదినా, అన్నాడు ఆయన, ఆ గొంతులో పశ్చాత్తాపం కన్నా గర్వమే ఎక్కువ ఉంది, షాపాయన స్టూలు మీద కూలబడి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటున్నాడు, ఏనుగు దొరికిందమ్మగారూ, ఒకటి కాదు, మంద అన్నాడు.

షాపాయన నవ్వు ఆగాక ఆమెకు ఒళ్ళు మండుకొచ్చింది, ఈ ఉదయం మొదటిసారి మండింది, అంటే చప్పట్లు కొట్టినప్పుడే వీళ్ళకి లోపల అనుమానం, ఈలలు వేసిన నోటితోనే, చప్పట్లు కొట్టిన చేతులతోనే, నేను కనుమరుగు కాగానే ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా పనిని దిద్దిపోయారు, ఆయన పోయినప్పట్నుంచీ ఇదే కదా, బజారుకి వెళ్తే వెనక ఒకరు, మందులు వేసుకుంటే ఎదురుగా ఒకరు, గ్యాసు కట్టేశావా, తలుపు వేశావా, ఫోను చార్జింగు ఉందా, ప్రేమే, కాదని ఎవరంటారు, ఇంత ప్రేమతోనే ఇనుము విరిగింది, రేపు నా నడుమూ ఇలాగే సన్నబడి ఎక్కడో టక్కుమంటుంది, ఆ మాటే అనేద్దామని నోరు తెరిచింది, ఇంతలో షాపాయన అటువైపు తిరిగి ఊడదీసిన నట్టును వేళ్ళలో దొర్లిస్తూ మామూలుగా అడిగాడు, ఆఖర్న బిగించినవాళ్ళకి తెలిసుండాలే, గట్టిగా ఉండాల్సిన నట్టు వెన్నలో కత్తి దిగినట్టు మెత్తగా తిరుగుతుంది, అప్పుడే స్టడ్డు సాగుతున్నట్టు లెక్క, పహిల్వానుగారికి అలా అనిపించిందేమో కనుక్కోండి అన్నాడు, ఆమె తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది, ఎందుకంటే ఆ మెత్తదనం ఆమె అరికాళ్ళకి తెలుసు, పహిల్వానుకి కాదు, ఇవాళ పొద్దున్నే, ఎవరూ లేవకముందు, తాళాలు పట్టుకుని బండి దగ్గరికి వచ్చి, ఎందుకైనా మంచిదని పానా తగిలించి, చేత్తో నొక్కితే కదలకపోతే, చెప్పులు విడిచి, బండి పైకప్పు పట్టుకుని పానా మీదకెక్కి నిలబడి, ఒక్క గెంతు గెంతింది, నట్టు మెత్తగా, ఎంత మెత్తగా, జరిగింది, చూశావా వదులుగానే ఉంది, నేనొచ్చి చూడబట్టి సరిపోయింది అనుకుంది, నాలుగింటి మీదా గెంతింది, చివరి మనిషి నేనేనండీ అంది ఆమె మెల్లిగా, పొద్దున్న, నిలబడి గెంతాను అంది, కొడుకు ముందు నమ్మలేదు, కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నువ్వు బిగించినదాన్ని నువ్వే నమ్మలేదా అమ్మా అన్నాడు వాడు, లేదురా అంది, అంటూ ఉండగానే నవ్వు తన్నుకొచ్చింది, నన్ను నమ్మనివాళ్ళలో నేనే పెద్ద ఏనుగుని, వాళ్ళు చేతుల్తో ఆగారు, నేను గెంతాను, నవ్వి నవ్వి పేర్చిన టైర్ల మీద చెయ్యానించి నిలబడాల్సి వచ్చింది, అందరూ నవ్వారు, మండిన ఒళ్ళు ఎప్పుడు చల్లబడిందో తెలియలేదు.

షాపాయన రేకుడబ్బాలు ఒక్కొక్కటే బోర్లించి, ఇది పొట్టి, ఇది లావు, ఇదీ కాదు, అని విసుక్కుంటూ, ఆఖరికి సరిపోయే స్టడ్లు నాలుగూ, పోయిన నట్టుకి బదులు ఇంకో నట్టూ ఏరాడు, పాతవాటిని సుత్తితో వెనక్కి దిగ్గొట్టి, కొత్తవాటిని చక్రం కూర్చునే హబ్బు వెనకనుంచి దూర్చి, ముందునుంచి నట్టు వేసి లాగి కూర్చోబెట్టాడు, నూనె లేకుండా మరలు పొడిగుడ్డతో తుడిచాడు, ఈలోగా అక్క ఫోను, దిగాను, ఎక్కడున్నావే అంది, దారిలో ఉన్నాను, కూర్చో అంది, ఎవరితో ఉన్నావు, మాటలు వినిపిస్తున్నాయి అంది అక్క, ఆమె కొడుకు కేసి చూసింది, అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది, చక్రం పాడైందే, బాగు చేయిస్తున్నాను, వీళ్ళు పరుగెత్తుకొచ్చారు, కానీ స్టేషనుకి మాత్రం నేనొక్కదాన్నే వస్తాను అంది, అక్క ఊఁ అని పెట్టేసింది, ఆ ఊఁకి అర్థమేమిటో ఆ దేవుడికే తెలియాలి, చక్రం ఎక్కించి వేళ్ళతో నట్లు పట్టించి బండిని నేలకి దించాక షాపాయన గోడకున్న పొడుగాటి రెంచి ఒకటి తీశాడు, పిడి దగ్గర ఏదో తిప్పి, ఇది టార్క్ రెంచి అమ్మగారూ, సరిపడా బిగువు రాగానే ఇదే టక్కుమంటుంది, టక్కుమన్నాక ఇంక ముట్టుకోకూడదు, అంతే, అని కొడుకు కేసి చాచాడు, కొడుకు చెయ్యి కూడా చాచాడు, చాచి, ఏమనుకున్నాడో, దాన్ని తల్లి చేతిలో పెట్టాడు, ఆమె పైది, తర్వాత కిందది, తర్వాత ఈ పక్క, ఆ పక్క, ఎదురెదురుగా బిగించింది, లాగితే బిగువు పెరుగుతూ పెరుగుతూ వచ్చి అరచేతిలో టక్కుమని చిటిక వేసినట్టయ్యేది, ఇంత తక్కువేనా అనిపించింది, ఇంత తేలికా, నిన్న తన చేత్తో బిగించినప్పుడూ ఇంచుమించు ఇంతే కదా ఉంది, నాలుగోది టక్కుమన్నాక చెయ్యి దానంతటదే ఇంకొక్కసారి లాగబోయింది, కొడుకూ కోడలూ ఒక్కసారే అమ్మా, అత్తయ్యా అన్నారు, ఆమె రెంచిని వేడిపెనం వదిలేసినట్టు వదిలేసింది, కాస్త దూరం తిరిగాక రేపో ఎల్లుండో వచ్చి ఒకసారి చూపించుకోండి, కొత్తవి కదా సర్దుకుంటాయి, ఈలోగా ఎవరూ ముట్టుకోవద్దు, ముఖ్యంగా మేడమీద ఆయన అన్నాడు షాపాయన.

ఇక అసలు ఘట్టం, కొడుకు బండి తలుపు పట్టుకుని నిలబడ్డాడు, అమ్మా, నేను వెనకసీట్లో కింద పడుకుంటాను, పెద్దమ్మకి కనిపించను అన్నాడు, వద్దురా, పోనీ డిక్కీలో అన్నాడు, నువ్వు డిక్కీలో పడితే కదా, నీ కాళ్ళు బయట పెట్టుకుని వెళ్ళాలి అంది, పోనీ బైకు మీద దూరంగా, నువ్వెవరో నేనెవరో అన్నట్టు వస్తాను అన్నాడు, ఈ పొడుగాటి మనిషి, గడ్డం వచ్చిన మనిషి, చిన్నప్పుడు బడి గేటు దగ్గర తన చెయ్యి వదలకుండా ఏడ్చినప్పుడు వీడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి లోపలికి పంపింది, ఇప్పుడూ అదే పని చేసింది, తలుపు మీద ఉన్న వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది, వాడికీ గుర్తొచ్చిందేమో, లేకపోతే కోడలు వెనకనుంచి కాలరు పట్టుకుని లాగుతోందేమో, వెనక్కి తగ్గాడు, మెల్లిగా వెళ్ళు అన్నాడు, మళ్ళీ ఆలోచించి, మామూలుగా వెళ్ళు అన్నాడు, అద్దంలో చూస్తే ముగ్గురూ రోడ్డు అంచున నిలబడి ఉన్నారు, చప్పట్లు కొట్టడం లేదు, ఊరికే నిలబడి ఉన్నారు, బండి సాఫీగా పోతోంది, స్టీరింగు అరచేతుల్లో నిద్రపోతున్న పిల్లిలా ఉంది, మలుపు, సిగ్నలు, అద్దం, భుజం, వంతెన ఎక్కితే కింద రైలు పట్టాలు ఎండలో వెండిలా ఉన్నాయి, ఎంత బాగుందీ ఊరు, పక్కసీట్లోంచి ఎప్పుడూ ఎడంవైపే కనిపించింది, రెండోవైపు ఇన్ని కిటికీలున్నాయని ఎవరైనా చెప్పారా.

అక్క స్టేషను బయట స్తంభం నీడలో పెట్టె మీద కూర్చుని ఉంది, లేచింది, ముందు బండిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని వంగి వెనకసీటు చూసింది, డిక్కీ తియ్యి అంది, ఆమె తీసింది, అక్క డిక్కీలోకి కూడా తొంగి చూసి, ఊఁ అంది, తర్వాత చెల్లెల్ని పట్టుకుని చెంపలు రెండూ నిమిరి, చిక్కిపోయావు, చేతులకి ఆ నలుపేమిటి, ఆలస్యం చేశావు, నాకు ఆకలి, అన్నీ ఒక్క ఊపిరిలో అంది, పెట్టె ఎత్తబోతే ఆమెకు నడుం పట్టేసినంత పనైంది, ఏం పెట్టావే దీన్లో, నాలుగు రోజులకి ఇంత బరువా అంది, నాలుగు రోజులేమిటి అంది అక్క, తడిసినవి మార్చుకోవద్దూ, అలల్లోకి దిగితే ఎన్ని జతలు కావాలో ఏమో అని మా పక్కింటావిణ్ణి అడిగి సర్దుకున్నా, ఇసకలోకి వేరే చెప్పులు కొన్నా, ఎండకి టోపీలు రెండు, నీది నీలం అంది, ఆమె పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయింది, అంటే ఇంటి దగ్గర సర్దుకునేటప్పుడే, నేను వస్తానో రానో చూడకముందే, అక్కా, మరి షరతు పెట్టావుగా అంది, షరతు పెట్టకపోతే నిన్ను మీవాడు ఒంటరిగా గుమ్మం దాటనిచ్చేవాడా, ఎక్కు, మాటలు తర్వాత అంది అక్క, తనే వెళ్ళి పక్కసీట్లో కూర్చుని బెల్టు లాక్కుని పెట్టుకుంది.

దారిలో ఆమె చెప్పాల్సినవన్నీ చెప్పింది, ఏనుగుల మంద సంగతీ, పైపు ముక్కా, మిషను నూనే, చివరికి తను గెంతిన గెంతూ, అక్క పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ మోకాళ్ళ సంగతి ఎత్తుకుంది, రైల్లో ఎదురుబెర్తు ఆయన గురక సంగతి ఎత్తుకుంది, రాత్రంతా కన్ను మూస్తే ఒట్టు అంది, తర్వాత సముద్రం ఉప్పగా ఉంటుందంటారు, నిజమేనంటావా అంది, ఆమె ముందున్న లారీని దాటాలా వద్దా అని చూస్తూ, దాటి, నిజమే అయుంటుంది, రుచి చూద్దాం అంది, జవాబు రాలేదు, కోపమొచ్చిందేమో, లారీని దాటడం నచ్చలేదేమో అనుకుంటూ ఎర్రదీపం దగ్గర ఆగి పక్కకి చూసింది, అక్క నిద్రపోతోంది, తల కిటికీ వైపు వాలి, నోరు కొంచెం తెరుచుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జారి, ఒళ్ళో రెండు చేతులూ అరచేతులు పైకి, దేన్నీ పట్టుకోకుండా, తలుపు పిడిని పట్టుకోలేదు, బెల్టును పట్టుకోలేదు, సీటు అంచును పట్టుకోలేదు, ఎర్రదీపం పోయి పచ్చదీపం వచ్చింది, ఆమె క్లచ్చు ఎంత మెల్లిగా వదిలిందంటే బండి కదిలినట్టు బండికే తెలియలేదు, ఇల్లు మలుపు వచ్చింది, కొడుకు ఈపాటికి గుమ్మంలో నిలబడి ఉంటాడు, ఇంకో చుట్టు తిరిగి వెళ్దాంలే అని తిన్నగా పోనిచ్చింది, తన పని ఎలా ఉందో తను ఇన్నాళ్ళూ అందరి మొహాల్లో వెతుక్కుంది, ఇప్పుడు ఎవరినీ అడగాల్సిన పని లేదు, ఎండ పడుతోందని పక్కకి చెయ్యి చాచి అక్కవైపు తెరను కొంచెం దించింది, మళ్ళీ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టింది, తను నడుపుతుంటే పక్కన ఒక మనిషి హాయిగా నిద్రపోతోంది.